పొరపాటున కుదిరిందట!

మాడు వాసన ముక్కుకు తగలగానే చేతిలో పని పారేసి వంటింట్లోకి పరుగెత్తని ఇల్లాలు ఏ దేశంలోనైనా ఉంటుందంటారా? ఉండదు గాక ఉండదు. పాలు పొంగినా, పప్పు అడుగంటినా, పోపు మాడినా మనం పెట్టే పరుగు ఒక్కటే. అలాంటి పరుగులోంచే పుట్టిందని చెప్పుకునే తీపి వంటకం ఒకటి ఫ్రాన్సు దేశంలో ఉంది. నేను దాన్ని తిన్నాను, చేశాను, తగలేశాను, మళ్ళీ చేశాను. ఇంతా చేసి, దాని రుచి మీద కాదు గానీ దాని కథ మీద నాకు పెద్ద అనుమానం పట్టుకుంది. ఆ అనుమానం ఎక్కణ్ణించి వచ్చిందో చెప్పాలంటే మా దొడ్డమ్మ సంగతి కూడా చెప్పాలి. అయితే ముందు ఫ్రాన్సు కథ.

మా అమ్మాయి కాపురం ఆర్లియన్స్‌లో. చిన్నప్పుడు చరిత్ర పాఠంలో జోన్ ఆఫ్ ఆర్క్ గురించి చదువుకున్నాం చూడండి, ఆవిడ 1429లో ఇంగ్లీషువాళ్ళ ముట్టడి నుంచి విడిపించిన ఊరు అదే. పురుడు పొయ్యడానికి వెళ్ళి ఆర్నెల్లున్నాను. ఒకనాడు పక్కింటావిడ బాలెంతరాలిని చూడ్డానికొస్తూ ఒక పళ్ళెం పట్టుకొచ్చింది. అందులో బంగారు రంగు తిరిగి, పాకం కారుతూ, గులాబ్‌జామ్‌లకి అక్కగారిలా నిగనిగలాడుతున్న ఆపిల్ ముక్కలు. వాటి కింద పలచటి కరకరలాడే రొట్టె. నోట్లో పెట్టుకుంటే ముందు తీపి, తర్వాత పులుపు, ఆఖర్న నాలిక చివర చిన్న చేదు. మన ఉగాది పచ్చడికి దొరసాని వేషం వేసినట్టుంది.

"దీని పేరేమిటే?" అనడిగాను. "తార్త్ తతాఁ" అంది మా అమ్మాయి. ఎవరో తాతగారు కనిపెట్టి ఉంటాడని నేను తాతగారి రొట్టె అని పేరు పెట్టేశాను. పక్కింటావిడకి ఆ మాట అర్థం చెబితే పడీపడీ నవ్వింది. తాతా లేడు, ముత్తాతా లేడు. తతాఁ అనేది ఇంటిపేరు. ఆ ఇంటి ఆడపిల్లలు ఇద్దరు, స్తెఫానీ, కరోలిన్ అనే అప్పచెల్లెళ్ళు, దీనికి కారకులు. వాళ్ళ ఊరు లమోత్ బ్యూవ్రోఁ. ఆర్లియన్స్ నుంచి దక్షిణంగా రైల్లో వెళితే కాస్సేపట్లో వస్తుంది. బిడ్డకి మూడో నెల వచ్చాక నేనూ మా అల్లుడూ ఒక ఆదివారం వెళ్ళి చూసొచ్చాం. స్టేషన్లోంచి బయటికి రాగానే ఎదురుగానే హోటలు. అక్కడ దిగిన ప్రయాణీకుడికి ఆకలి వేసిందంటే చూపు ఇంకెక్కడికీ పోదు.

ఆ ప్రాంతాన్ని సొలోన్ అంటారు. ఇప్పుడు చూస్తే అడవులూ చెరువులూ పచ్చగా ఉంటాయి గానీ, ఒకప్పుడు మన దిగువ లంకల్లా చిత్తడి నేల, చలిజ్వరాలు, పండీ పండని చేలు. పేదవాళ్ళ సీమ అన్నమాట. 1847లో ఆర్లియన్స్ నుంచి వియెర్జోఁ దాకా రైలు వేశారు. ఆ దారిలోనే ఈ ఊరు. తర్వాత 1852లో చక్రవర్తి అయిన మూడో నెపోలియన్ ఇక్కడ పెద్ద ఎస్టేటు కొన్నాడు. మురుగు తోడించారు, సరుగుడు నాటినట్టు పైన్ చెట్లు నాటించారు, నేలలో కలపడానికి సున్నపు మట్టి మోసుకొచ్చేందుకు కాలువ తవ్వారు. చక్రవర్తి అడుగుపెట్టిన చోటికి షావుకార్లు రాకుండా ఉంటారా? శరదృతువు వచ్చిందంటే పారిస్ నుంచి రైలెక్కి తుపాకులు భుజాన వేసుకుని వేటకి దిగేవారు. వాళ్ళకి ఉండడానికి గది కావాలి, వేట నుంచి వచ్చాక వేడివేడి భోజనం కావాలి. హోటలు పెట్టుకున్నవాళ్ళ పంట పండింది.

తతాఁ వారి హోటలు అలాంటిదే. 1890లలో దాన్ని నడిపించింది ఈ అప్పచెల్లెళ్ళే. పెద్దావిడ స్తెఫానీ 1838లో పుట్టింది, ఫానీ అని పిలిచేవారు, వంటిల్లు ఆవిడది. చిన్నావిడ కరోలిన్ 1847లో పుట్టింది. లెక్కలు చూడ్డం, వచ్చిన అతిథుల్ని పలకరించడం, ఎవరికి ఏ గది ఇవ్వాలో చూడ్డం ఆవిడ పని. ఠీవిగా ఉండేదట. ఊళ్ళోవాళ్ళు ముద్దుగా సొలోన్ చిన్న మహారాణి అనేవాళ్ళు. ఒకరు గుమ్మంలో, ఒకరు పొయ్యి దగ్గర. ఏ ఉమ్మడి కుటుంబంలోనైనా ఇద్దరు తోడికోడళ్ళు ఇంత ఒద్దికగా పని పంచుకుంటే ఆ ఇల్లు బాగుపడకుండా ఉంటుందా చెప్పండి!

ఇక లోకమంతా చెప్పుకునే కథ. వేట రోజులు మొదలైన ఒక ఆదివారం, హోటలు నిండా జనం. స్తెఫానీ ఆపిల్ రొట్టె చేద్దామని ముక్కలు, వెన్న, పంచదార మూకుట్లో వేసి పొయ్యి మీద పెట్టి, ఏదో పనిలో పడి మర్చిపోయింది. మాడు వాసన వచ్చింది. పరుగెత్తుకెళ్ళి చూస్తే ముక్కలు ఎర్రగా కాగి పాకంలో ఉడికిపోయాయి. పారెయ్యడానికి మనసొప్పలేదు. అడుగున ఉండాల్సిన పిండి రొట్టెని పైన కప్పేసి, అలాగే కాల్చి, తలకిందులుగా పళ్ళెంలోకి బోర్లించింది. వేటగాళ్ళు తిని ఆహా అన్నారు. కొందరు చెప్పే కథలో అయితే ఆవిడ కంగారులో రొట్టెనే తిరగేసి పెట్టింది. ఏదైతేనేం, పొరపాటు. అదృష్టం బాగుండి పొరపాటు కుదిరింది. కథ కంచికి.

ఈ కథ విన్నప్పుడు అందరిలాగే నేనూ నవ్వాను. హైదరాబాదు తిరిగొచ్చాక నేనే చేసి చూద్దామని కూచున్నప్పుడు నవ్వు ఆగిపోయింది.

మా కోడలు కొన్న ఓవెన్ ఉంది. సంతలో ఎర్రగా నిగనిగలాడే ఆపిల్ పళ్ళు తెచ్చాను. ఈ ఎర్ర ఆపిల్‌కి ఒక కథ ఉంది. శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికా దొర సిమ్లా పక్కన కోట్‌గఢ్‌లో స్థిరపడి, ఇక్కడి అమ్మాయిని పెళ్ళాడి, 1916లో అమెరికా నుంచి రెడ్ డెలీషియస్ జాతి మొక్కలు తెప్పించి నాటాడు. స్వాతంత్ర్యోద్యమంలో జైలుకి కూడా వెళ్ళాడు. తర్వాత సత్యానంద్ అని పేరు మార్చుకున్నాడు. హిమాచల్‌లో అంతంత ఆపిల్ తోటలు రావడానికి ఆ మహానుభావుడే కారణం. ఆయన మీద నాకు గౌరవమే గానీ ఆ పండు కొరుక్కు తినడానికే, పొయ్యి మీదికి పనికిరాదు. పులుపు తక్కువ, కండ మెత్తన. అరగంటలో నా మూకుడులో ఆపిల్ హల్వా తయారైంది. దాని మీద పిండి కప్పి, కాల్చి, బోర్లిస్తే పళ్ళెంలో పడినదాన్ని చూసి మా మనవరాలు "నానమ్మా, ఇది పడిపోయిందా, పెట్టావా?" అనడిగింది.

రెండోసారి పులుపున్న గట్టి పళ్ళు తెచ్చాను. ఫ్రాన్సులో దీనికి రెనెత్ జాతి పళ్ళు మంచివంటారు. మనకి ఆకుపచ్చటి గ్రానీ స్మిత్ గానీ పసుపుపచ్చటి గోల్డెన్ గానీ దొరికితే చాలు. పులుపున్న ముక్క వేడికి త్వరగా విడిపోదు. ఈసారి ముక్కలు నిలబడ్డాయి గానీ పాకం ముదిరిపోయి నల్లబడింది. చేదు విషం. మూడోసారి భయపడి ముందే దింపేశాను. రంగు రాలేదు, రుచీ రాలేదు, పెళ్ళిచూపుల్లో మాట్లాడని పిల్లలా పాలిపోయి కూచుంది. నాలుగోసారి కాస్త కుదిరింది. అయిదోసారి మా వియ్యపురాలికి పెట్టే స్థాయికి వచ్చింది.

అప్పుడు మొదలైందండీ అనుమానం. పంచదార పాకం ఎర్రబడ్డం దగ్గర్నుంచి మాడిపోవడం దాకా ఎంతసేపు పడుతుందో పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళకి తెలుసు. తేనె రంగు వచ్చిందా, ఇక కన్నార్పకూడదు. ఆపిల్ ముక్కలు తమలోని నీరు వదిలినంతసేపూ పాకానికి భయం లేదు; ఆ నీరు ఇగిరిపోయిందా, చివరి రెండు మూడు నిమిషాలూ ప్రాణసంకటమే. ఎదురుగా నిలబడి చూస్తున్న నాకే నాలుగుసార్లు పట్టింది. హోటలు నిండా జనం ఉన్న రోజున, మర్చిపోయి, సరిగ్గా ఆ క్షణానికి వాసన పట్టి, పరుగెత్తుకొచ్చి, కొత్త వంటకం ఒక్క దెబ్బకి కనిపెట్టిందంటే నేను నమ్మను. పైగా ఆవిడ కొత్త కోడలా? అప్పటికి యాభై ఏళ్ళు దాటిన మనిషి. పొయ్యి ముందే జీవితం వెళ్ళదీసిన మనిషి.

ఇంకో సంగతి. తిరగేసిన రొట్టె స్తెఫానీతోనే పుట్టిందీ కాదు. రాజుల వంటవాడని పేరు పొందిన అంతొనాఁ కరేమ్ 1833లోనే పోయాడు. ఆయన రాసిన పుస్తకాల్లోనే రూఁవా ఆపిల్ పళ్ళతో తిరగేసి చేసే గాటోల మాట ఉంది. సొలోన్ సీమలోనూ ఇలా తిరగేసి కాల్చే పళ్ళ రొట్టె పాత అలవాటేనంటారు. మరి స్తెఫానీ చేసిందేమిటంటే, అందరికీ తెలిసిన దాన్ని అందరికంటే బాగా చెయ్యడం. రోజూ చెయ్యడం. అడిగిన వాళ్ళకల్లా, నిన్న తిన్న రుచే ఇవాళా వచ్చేట్టు చెయ్యడం. పొరపాటు ఒక్కరోజు పని. వంటకానికి పేరు రావాలంటే వెయ్యి రోజుల పని.

అక్కడ విన్న మరో మాట నాకు భలే నచ్చింది. అప్పట్లో దీన్ని కాల్చడానికి ఇప్పటి ఓవెన్లు అక్కర్లేదు. రాగి మూకుడుని బొగ్గుల మీద పెట్టి, మూత మీద కూడా నిప్పులు పోసి, కిందా పైనా సెగ తగిలేట్టు కాల్చేవారట. వినగానే మా అమ్మ దిబ్బరొట్టె గుర్తొచ్చింది. మినప్పిండి మందంగా పోసి, మూత మీద నిప్పులు వేసి, పైన ఎర్రగా పెళుసుగా, లోపల దూదిలా వచ్చేట్టు కాల్చడం మన గోదావరి జిల్లాల్లో ఏ ముసలమ్మకి రాదు? సముద్రాల అవతల ఒక స్టేషను ఎదుట ఇంకో ముసలమ్మ కూడా మూత మీద నిప్పులు సర్దుకుంటూ కూచుందంటే, ఆవిడ నాకు పరాయి మనిషిలా అనిపించలేదు.

సరే, పేరెలా వచ్చింది? అప్పచెల్లెళ్ళు పెట్టుకోలేదు. వాళ్ళు పుస్తకమూ రాయలేదు, బోర్డూ కట్టలేదు. 1906లో హోటలు వదులుకుని విశ్రాంతి తీసుకున్నారు. 1911లో చెల్లెలు, 1917లో అక్క పోయారు. ఆ తర్వాత 1926లో కుర్నోన్‌స్కీ అనే కలం పేరున్న భోజనప్రియుడు, మార్సెల్ రూఫ్‌తో కలిసి ఫ్రాన్సులో ఊరూరి వంటల మీద వేసిన పుస్తకాల వరుసలో ఆర్లియన్స్ సీమ సంపుటం వచ్చింది. అందులో ఇది తతాఁ కన్యల రొట్టెగా ఎక్కింది. మర్నాటి ఏడే, 1927లో, ఈయనకి భోజనప్రియుల రాకుమారుడన్న బిరుదు కూడా ఇచ్చారు. అదృష్టవంతుడు. వండిన వాళ్ళకి బిరుదులిచ్చిన వాళ్ళెవరూ లేరు. తిన్న వాడికి ఇచ్చారు!

దీన్ని మించిన కథ పారిస్‌లో ఉంది. మాక్సిమ్స్ అనే పేరుమోసిన రెస్టారెంటుని 1932లో వొదాబ్ల్ కుటుంబం కొంది. ఆ కుటుంబంలోని లూయీ వొదాబ్ల్ ఒక కథ చెప్పేవాడు. యౌవనంలో ఆ అడవులకి వేటకి వెళ్ళి, ముసలి అప్పచెల్లెళ్ళ హోటల్లో ఈ రొట్టె తిని మోజుపడ్డాడట. రహస్యం చెప్పమంటే చెప్పలేదట. అందుకని తోటమాలి వేషంలో పనికి కుదిరాడట. క్యాబేజీ నాటడం కూడా రాదని మూడు రోజుల్లో పనిలోంచి తీసేశారు గానీ, ఆపాటికే వంటింటి రహస్యం పట్టేసి పారిస్ తీసుకుపోయాడట!

వినడానికి విఠలాచార్య సినిమాలా బావుంది. కానీ లెక్క వెయ్యండి. ఈ లూయీగారు పుట్టింది 1902లో. అప్పచెల్లెళ్ళు హోటలు వదిలింది 1906లో. అంటే తుపాకి పట్టి, వేషం కట్టి, క్యాబేజీ నాటలేక పనిలోంచి పోయేనాటికి ఈ దొంగ తోటమాలికి మహా అయితే నాలుగేళ్ళు! పోనీ, నాలుగేళ్ళ పిల్లాడు క్యాబేజీ నాటలేకపోవడంలో తప్పేం లేదు. విచిత్రమేమిటంటే ఈ లెక్క ఎవరైనా వెయ్యొచ్చు, అయినా ఆ కథ ఎన్నో ఏళ్ళు దర్జాగా చలామణీ అయింది. ఒక కథలో స్తెఫానీ మతిమరుపు మనిషి. ఇంకో కథలో వట్టి అమాయకురాలు, రహస్యం కాపాడుకోలేకపోయింది. తెలివీ, సాహసమూ మాత్రం తిన్నవాళ్ళవీ, తీసుకుపోయినవాళ్ళవీ.

ఇక్కడే మా దొడ్డమ్మ గుర్తొచ్చింది.

దొడ్డమ్మ అంటే మా అమ్మకి అక్క. పదిహేనేళ్ళకే భర్త పోయి, పుట్టింట్లోనే ఉండిపోయింది. తమ్ముళ్ళ పెళ్ళిళ్ళు, మరదళ్ళ పురుళ్ళు, మా అందరి తలంట్లు, అన్నీ ఆవిడ చేతి మీదుగానే. ఆవిడ చేసే కొబ్బరి లౌజు మా వేపు ప్రసిద్ధి. అందరి ఇళ్ళలోనూ లౌజు లేత బంగారు రంగులో ఉంటే, ఆవిడది ముదురు గోధుమ రంగు. బెల్లం పాకాన్ని ఎవరూ సాహసించనంత దాకా రానిచ్చి, ఇక మాడుతుందనగా కొబ్బరి వేసేది. చిటికెడు ఉప్పు కూడా పడేది. ముదురు లౌజు అని పేరు. బంధువుల ఇళ్ళలో పెళ్ళంటే "లౌజుకి మీ అప్పగారిని పంపండి" అని కబురొచ్చేది.

దానికీ ఒక కథ ఉంది. మా పెద్ద మావయ్య ప్రతి పెళ్ళి పంక్తిలోనూ చెప్పేవాడు. "మా అక్క పాకం పొయ్యి మీద పెట్టి పెరట్లో పక్కింటావిడతో కబుర్లేసుకుంది. మాడు వాసనొచ్చి పరుగెత్తింది. నాన్నగారు తిడతారని భయపడి కొబ్బరి పడేసి కలిపేసింది. అదే ముదురు లౌజు!" పంక్తి పంక్తంతా గొల్లుమని నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. తర్వాత్తర్వాత ఆ కథ నేనే అభినయంతో సహా చెప్పేదాన్ని. మా అత్తవారింట్లో నాకు మంచి మాటకారినని పేరొచ్చిందే ఆ కథతో.

1974లో మా చెల్లెలి పెళ్ళికి వంటశాలలో ఆవిడ పక్కన కూచుని కొబ్బరి తురుముతున్నాను. ఊరికే అడిగాను. "దొడ్డా, ఆ రోజు అసలు పక్కింటావిడతో ఏం కబుర్లే అంతసేపు?"

ఆవిడ అట్లకాడ ఆపకుండానే అంది. "ఏ రోజే? ఏ కబుర్లు? పాకం పొయ్యి మీద పెట్టి పెరట్లోకి పోవడానికి నాకేమన్నా పిచ్చా? మూడుసార్లు మాడ్చాను. ఎవరూ చూడకుండా పారబోశాను. నాలుగోసారి నేననుకున్న రంగొచ్చింది."

"మరి మావయ్య అలా చెబుతాడేం?"

"నేనే చెప్పాను వాడికి అలాగని. కావాలని బెల్లం మూడు దఫాలు తగలేశానంటే మీ తాతయ్య ఊరుకునేవాడా? పొరపాటున ఒకసారి మాడిందంటే నవ్వి ఊరుకున్నారు. నేనో కొత్త రకం కనిపెట్టానని చెప్పానే అనుకో, మొగుడు పోయి పుట్టింట పడున్నదానికి ఈ సరదాలేమిటీ అని నలుగురూ అనుకోరూ? పొరపాటంటే తింటారమ్మడూ. తెలివంటే తినరు."

అని కొబ్బరి ఇలా తెమ్మంది. నేనిచ్చాను. పాకం రంగు తిరిగింది. ఆవిడ మాట్లాడ్డం మానేసి దాని వేపే చూసింది. ఆ చూపు నాకిప్పటికీ కళ్ళ ముందుంది. కంసాలి పుత్తడి కరిగేటప్పుడు చూస్తాడే, అలా.

మీరు నన్ను తిట్టుకున్నా సరే, నిజం చెప్పేస్తాను. ఆ తర్వాత కూడా నేను పాత కథే చెప్పుకుంటూ వచ్చాను. నవ్విస్తుంది గనక. ఆవిడ 1983లో పోయింది. పన్నెండో రోజున పంక్తిలో కూడా ఎవరో ఆ కథే చెప్పారు. నేను నోరు విప్పలేదు.

స్తెఫానీ ఏం చేసిందో చూసినవాళ్ళెవరూ లేరు. నేను చరిత్రకారిణిని కాను, ఇదీ సంగతి అని తీర్పు చెప్పేంతదాన్ని కాను. కానీ పొరపాటు కథ ఒక ఆడదాని చుట్టూ ఎందుకంత సులువుగా అల్లుకుంటుందో మాత్రం మా దొడ్డమ్మ నాకు నేర్పింది. ఒక్కొక్కప్పుడు ఆ అల్లిక మొదలుపెట్టేది కూడా మనమే. బతకడానికి.

ఆ రోజుల్లో మన దగ్గర స్టేషను ఎదుటో, కచేరీ పక్కనో అన్నం అమ్ముకు బతికిన ఆడవాళ్ళు లేరా? ఉన్నారు. పూటకూళ్ళ ఇల్లు అనేవాళ్ళం. దిక్కులేని ఆడవాళ్ళు ఎందరో ఆ ఇళ్ళతోనే తలెత్తుకు బతికారు. గురజాడవారి కన్యాశుల్కం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. సరిగ్గా తతాఁ అప్పచెల్లెళ్ళు హోటలు నడుపుతున్న కాలం. ఆ నాటకంలోనూ ఒకావిడ ఉంది. గిరీశం ఆవిడ సొమ్ము తిన్నాడు, ఆవిడ అన్నం తిన్నాడు. చదివిన వాళ్ళందరికీ ఆవిడ గుర్తే. పేరేమిటో చెప్పండి చూద్దాం? పూటకూళ్ళమ్మ. అంతే. ఆవిడకి వేరే పేరు లేదు. ఆ లెక్కన స్తెఫానీ, కరోలిన్ అదృష్టవంతులే. కథ ఎలాంటిదైనా ఇంటిపేరన్నా మిగిలింది.

ఇక ఈ రొట్టెకి సీమ సీమకీ ఉన్న తేడాలు కూడా చెప్పి ముగిస్తాను. నార్మండీ వాళ్ళు తమ ఆపిల్ సారా, కాల్వడోస్, కాస్త చిలకరిస్తారు. బ్రెటన్ సీమవాళ్ళు ఉప్పు వేసిన వెన్నతో పాకం పడతారు. నాకు ఈ రెండోది నచ్చింది; దాని వెనకాల కూడా చరిత్ర ఉంది. పాత ఫ్రాన్సులో గాబెల్ అని ఉప్పు మీద పన్ను ఉండేది. పన్ను గట్టిగా ఉన్న సీమల్లో ఎనిమిదేళ్ళు దాటిన ప్రతి మనిషీ ఏటా ఇంత ఉప్పని కొని తీరాలి. ఆర్లియన్స్ సీమ అలాంటిదే. బ్రెటన్ సీమకి మాత్రం ఆ పన్ను లేదు. అందుకని అక్కడ వెన్న చెడకుండా ధారాళంగా ఉప్పు కలిపేవారు. మిగతా చోట్ల చప్పిడి వెన్నే అలవాటైంది. విప్లవం వచ్చి 1790లో ఆ పన్ను తీసేశారు. 1806లో నెపోలియన్ ఉప్పు పన్ను మళ్ళీ తెచ్చాడు. రాజులు పోయినా అలవాటు పోలేదు. 1977లో అక్కడి కిబ్రోఁ ఊళ్ళో ఆఁరీ ల రూ అనే మిఠాయి వ్యాపారి ఆ ఉప్పు వెన్నతోనే క్యారమెల్ బిళ్ళలు చేసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు.

ఉప్పు మీద పన్నంటే ఏమిటో మనకి ఇంకొకరు చెప్పాలా? 1930లో మద్రాసు సముద్రపొడ్డున ఉప్పు వండి జైలుకెళ్ళిన దుర్గాబాయిగారు మన ఆడపడుచే గదా.

అందుకని నేను చేసే పద్ధతి రాస్తున్నాను. పులుపున్న గట్టి ఆపిల్ పళ్ళు ఎనిమిది తీసుకుని, చెక్కు తీసి, నాలుగేసి చీలికలు చెయ్యండి. అడుగు మందంగా ఉన్న మూకుట్లో వంద గ్రాముల వెన్న, నూటయాభై గ్రాముల పంచదార, చిటికెడు కంటే కొంచెం ఎక్కువ ఉప్పు వేసి, ముక్కలు సందు లేకుండా నిలబెట్టి సర్దండి. సన్నసెగ మీద ఉంచండి. ఉడికాక కుంగుతాయి గనక ఇరికించి పెట్టినా భయం లేదు. రెండు వందల గ్రాముల మైదాలో వంద గ్రాముల చల్లటి వెన్న పొడిపొడిగా కలిపి, కాసిన్ని చన్నీళ్ళతో ముద్ద చేసి, అరగంట చల్లబెట్టి, మందపాటి చపాతీలా వత్తుకోండి. పాకం ముదురు తేనె రంగు తిరగ్గానే దింపి, ఈ చపాతీ కప్పి, అంచులు లోపలికి దోపి, రెండు వందల డిగ్రీల వేడి మీద అరగంట కాల్చండి. తీశాక పది నిమిషాలు ఆగండి. మరీ వేడిగా ఉంటే కారిపోతుంది, చల్లారితే మూకుడుకి అంటుకుపోతుంది. పళ్ళెం బోర్లించి, బిస్మిల్లా అనుకుంటారో, గోవిందా అనుకుంటారో, ఒక్క ఊపున తిరగెయ్యండి.

ఒకసారి పంచదార బదులు అనకాపల్లి బెల్లంతో చేశాను. బెల్లం పంచదార కంటే ముందే మాడే గుణం గలది, ఓర్పు లేని పిల్ల. మూడుసార్లు పారబోశాను. ఎవరూ చూడకుండా కాదు, అందరూ చూస్తుండగానే. నాలుగోసారి సగం బెల్లం, సగం పంచదార వేసి, బెల్లాన్ని ఆఖర్న కలిపితే దొడ్డమ్మ లౌజు రంగొచ్చింది.

మొన్న సంక్రాంతికి పాతికమంది చేరారు. మా మరిది ఒక ముక్క తిని, ఇంకో ముక్క తిని, "బ్రహ్మాండంగా ఉంది వదినా! ఏదో మాడబోయి అదృష్టం కొద్దీ కుదిరినట్టుందే" అన్నాడు నవ్వుతూ. పాపం, మంచివాడే. ఆ నవ్వు నాకు అలవాటే.

"మాడబోలేదు నాయనా, మూడుసార్లు మాడ్చాను, నాలుగోసారి కుదిర్చాను" అన్నాను. తర్వాత ముదురు లౌజు అసలు కథ కూడా చెప్పాను, దొడ్డమ్మ పేరుతో సహా. ఆవిడ పేరు కామేశ్వరి. ఆ పంక్తిలో చాలామందికి ఆ పేరు అదే మొదటిసారి వినడం.

ఎవరూ గొల్లుమని నవ్వలేదు. మా మనవరాలు మాత్రం తింటూ తింటూ, "నానమ్మా, పాకం ఏ రంగొచ్చినప్పుడు దింపాలో నాకు చూపిస్తావా?" అంది. ఈ ఆదివారం రమ్మన్నాను. పళ్ళు తెచ్చి ఉంచాను. బెల్లం మాత్రం మూడు దఫాలకి సరిపడా తెచ్చాను.